మహేంద్రగిరి, దేవమాలి యాత్రలు: ఎప్పుడు వెళ్ళాలి, ఫోటో పక్కన ఆకాశం గురించి ఏం రాయాలి

తర్వాత చదివేవారికి సందర్భం తెలియడం కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను. మీరు బరంపురంలో ఉంటారు. దసరా సెలవుల్లో నాలుగు రోజులు దొరుకుతాయి. అరవై నాలుగేళ్ళ నాన్నగారిని, పదేళ్ళలోపు పిల్లలిద్దరిని వెంటబెట్టుకుని గజపతి జిల్లాలోని మహేంద్రగిరిని, కోరాపుట్ జిల్లాలోని దేవమాలిని ఒకే యాత్రలో చూసి రావాలనుకుంటున్నారు. దారిలో తీసిన ఫోటోలను బంధుమిత్రులకు పంపుతూ వాటి పక్కన వాతావరణ వివరాలు కూడా రాయాలని ఉందని, అవి ఎలా రాస్తే మరొకరికి పనికొస్తాయో చెప్పమని అడిగారు.

నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రతి చలికాలం పిల్లలను ఈ కొండలకు నడిపించాను, ఎక్కిన ప్రతి రోజూ నోటుబుక్కులో ఆకాశం గురించి రెండు మూడు వాక్యాలు రాసుకున్నాను. ఆ పుస్తకాలన్నీ తిరగేసి చెబుతున్న జవాబు ఇది: దసరాకు వెళ్ళవద్దు, నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి నడుమ వరకు ఎప్పుడైనా వెళ్ళండి, రెండు కొండలనూ నాలుగు రోజుల్లో కలపవద్దు, ఒకటి ఎంచుకోండి, ఇక ఫోటో పంపేటప్పుడు తేదీ, గంట, ఎత్తు, ఆకాశం ఈ నాలుగూ లేకుండా పంపవద్దు. ఈ చివరి మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యం. తెల్లవారుజామున మేఘాల సముద్రం మీద తేలుతున్నట్టున్న దేవమాలి ఫోటోను ఎవరో పంపితే, అదే కొండను మే నెల మధ్యాహ్నం ఎక్కబోయేవాడు ఆ ఫోటోనే నమ్ముకుని బయలుదేరతాడు. కొండ ఒక్కటే అయినా అతను ఎక్కేది వేరే ఆకాశం కిందికి.

దసరా వద్దనడానికి కారణం మీకు బరంపురంలో ఉండి తెలియనిది కాదు, కానీ కొండల వైపు నుంచి దాన్ని ఒకసారి చూడండి. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళే అక్టోబరులో బంగాళాఖాతం ఇంకా వేడిగానే ఉంటుంది, అందుకే మన తీరానికి పెద్ద తుపాన్లు ఎక్కువగా ఆ నెలలోనే వస్తాయి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, సరిగ్గా దసరా రోజుల్లో. మరుసటి ఏడాది హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకిందీ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11 తెల్లవారుజామున. తిత్లీ సంగతే కొండయాత్రికులు గుర్తుంచుకోవాలి. తీరంలో గాలి కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టం చేసింది. గజపతి జిల్లా కొండల్లో మాత్రం ప్రాణాలు తీసింది వాన. బారాఘరా అనే పల్లె దగ్గర కొండచరియ విరిగిపడి, తలదాచుకున్న పదిమందికి పైగా అక్కడికక్కడే పోయారు. తుపాను తీరం దాటిందనగానే సముద్రం ఒడ్డున ఉన్నవారు ఊపిరి పీల్చుకుంటారు, కొండల్లో ఉన్నవారికి అప్పుడే మొదలవుతుంది. నీరు నిండిన మట్టి ఆ తర్వాత రెండు మూడు రోజుల వరకూ జారుతూనే ఉంటుంది. ఆకాశం నీలంగా కనబడిందని ఆ మర్నాడే ఘాట్ రోడ్డెక్కడం చాలా పెద్ద పొరపాటు.

ఇప్పుడు ఈ రెండు కొండల స్వభావం చెబుతాను, ఎందుకంటే రెండూ తూర్పు కనుమలే అయినా వాటి ఆకాశాలు ఒకదానికొకటి పోలిక లేనివి.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోని ఎత్తైన శిఖరాల్లో ఇదొకటి. కానీ దీని అసలు విశేషం ఎత్తు కాదు, సముద్రానికి దగ్గరగా ఉండటం. బారువ తీరం నుంచి పక్షి ఎగిరే దారిలో ముప్పై కిలోమీటర్లలోపే ఉంటుంది. మధ్యలో అడ్డుగా మరో పెద్ద కొండ లేదు. పగలు నేల వేడెక్కగానే సముద్రపు గాలి లోపలికి వస్తుంది, ఆ తడిగాలి కొండవాలును ఎక్కుతూ చల్లబడి, పై మూడోవంతులో మేఘంగా మారుతుంది. అందువల్ల నిర్మలమైన రోజున కూడా పది, పదకొండు గంటల తర్వాత శిఖరం కప్పుకుపోతుంది. కింద మందసలోనో పర్లాకిమిడిలోనో నిలబడి చూసేవారికి అది కొండ నెత్తిన చిన్న తెల్లమబ్బు. లోపల ఉన్నవారికి పదడుగుల ముందున్న మనిషి కనబడని పొగమంచు. నేను మొదటిసారి పిల్లలను తీసుకెళ్ళిన ఏడు కొండ కింది పల్లెలో టీ తాగుతుంటే ఒక సవర గిరిజన పెద్దాయన శిఖరం వైపు చూసి, "కొండ మీద గుడ్డ కప్పీసింది మాష్టారూ, రేపు తెల్లారగట్ల ఎల్దురు గాని" అన్నాడు. అప్పటికి టైము ఎనిమిదిన్నరే. మామూలుగా పదింటికి పట్టే మబ్బు గంటన్నర ముందే పట్టిందంటే గాలిలో తేమ ఆ రోజు బాగా ఎక్కువన్నమాట. ఆయన మాట విని ఆగాము. మధ్యాహ్నం రెండుకు ఉరుములతో పడిన వానకు మేము దాటవలసిన గెడ్డ (వాగు) మోకాలి లోతు నుంచి నడుము లోతుకు వచ్చింది. ఆ రోజు నుంచి మబ్బు శిఖరానికి ఎన్నింటికి పట్టిందో రాసుకోవడం నాకు అలవాటైంది. మీరూ అది రాయండి, ఏ యాప్‌లోనూ దొరకని వివరం అది.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది అదే. సముద్రానికి దాదాపు నూరు కిలోమీటర్లు లోపల, తొమ్మిది వందల మీటర్లకు అటూఇటూ ఎత్తున్న పీఠభూమి మీద నుంచి లేస్తుంది. సముద్రపు గాలి అక్కడికి చేరేసరికి చాలావరకు తేమ వదిలేసుకుంటుంది. చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో సిమిలిగూడ, పొట్టంగి ప్రాంతాల లోయల్లో గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి, అదే సమయంలో వాటి పైనున్న కొండవాలు మీద రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. లోయలో పేరుకున్న ఆ చల్లగాలిలోని తేమే పొగమంచవుతుంది. దేవమాలి పైనుంచి తెల్లవారుజామున కనబడే మేఘాల సముద్రం అదే. సూర్యుడు లేచిన రెండు మూడు గంటల్లో అది విడిపోతుంది కాబట్టి, చూడాలంటే సూర్యోదయానికి పైన ఉండాలి. మహేంద్రగిరిలో ఎండెక్కాక మబ్బు పుడుతుంది, దేవమాలి లోయల్లో ఎండెక్కాక మబ్బు చస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ ప్రయాణ సమయాలన్నీ వాటంతటవే తేలిపోతాయి.

చలి గురించి ఒక చిన్న లెక్క. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి శిఖరానికి దాదాపు 1,350 మీటర్ల ఎత్తు తేడా ఉంది, అంటే కింద 24 డిగ్రీలుంటే పైన 15 డిగ్రీలు. పదిహేను డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ చెమటతో తడిసిన నూలు చొక్కా, దాని మీద కొండగాలి తోడైతే ఆ పదిహేను డిగ్రీలే మనిషిని పడగొడతాయి. మా చిన్నాన్న కొడుకు ఒకసారి డిసెంబరులో నాతో దేవమాలికి వచ్చాడు. వద్దన్నా వినకుండా నూలు బనీను, నూలు చొక్కా వేసుకుని చివరి వాలును పరుగుపరుగున ఎక్కాడు, పైన అరగంట కదలకుండా కూర్చున్నాడు. ముందు వణికాడు. తర్వాత వణుకు ఆగింది, మాట ముద్దగా రావడం మొదలైంది, చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్ళు పట్టు తప్పాయి. వణుకు ఆగిందంటే కోలుకున్నాడని కాదు, ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతోందని అర్థం. తడి బట్టలు విప్పించి, పొడి స్వెట్టరు తొడిగి, గాలి తగలని చోట ఇద్దరం చెరోవైపు ఆనుకుని కూర్చుని, ఫ్లాస్కులోని తీపి టీ కొద్దికొద్దిగా తాగించాము. కోలుకోవడానికి గంట పట్టింది. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే త్వరగా చల్లబడుతుంది, వయసైనవారికి చలి తెలియడమే ఆలస్యమవుతుంది, కాబట్టి మీ ఇద్దరు పిల్లలకూ నాన్నగారికీ ఒక్కొక్క జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి విడిగా పెట్టుకోండి. పైకి చేరిన వెంటనే ఫోటోల కంటే ముందు బనీను మార్పించండి.

మిగతా నెలల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫిబ్రవరి చివరి నుంచి గడ్డి ఎండిపోతుంది, పోడు పొగ కూడా కలిసి దూరపు కొండలు మసకబారతాయి, నడకకు ఇబ్బంది లేదు గాని దృశ్యాలు ఉండవు. జూన్ నడుమ నుంచి సెప్టెంబరు వరకు రుతుపవనాలు. కోరాపుట్‌లో ఏడాదికి 1,500 మిల్లీమీటర్లకు అటూఇటూ పడే వానలో అత్యధిక భాగం ఆ నాలుగు నెలల్లోనే పడుతుంది. అప్పుడు శిఖరాలు ఎక్కకండి, జలపాతాలను దూరం నుంచి చూడండి. మాచ్‌ఖండ్ నది మీద డుడుమ జలపాతాన్ని చూడదగిన కాలం అది. ఎగువన జలపుట్ జలాశయం నుంచి నీటిని విద్యుత్తుకు మళ్ళిస్తారు కాబట్టి వేసవిలో వెళితే ఆ పేరుకు తగ్గ ధార ఉండదు. పిల్లలకు అక్కడ ఒక మాట చెప్పండి: ఆ మాచ్‌ఖండే దిగువన సీలేరు అవుతుంది, సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో కలుస్తుంది. కోరాపుట్ చుట్టూ కొలాబ్ అని పిలిచే నది కూడా ఆ శబరే.

ఏప్రిల్, మే నెలల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఎండ భరించలేక చల్లదనం కోసం చాలామంది కొండెక్కేది ఆ నెలల్లోనే, పిడుగులు ఎక్కువగా పడేదీ ఆ నెలల్లోనే. దేశంలో పిడుగుపాటు మరణాలు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో ఒడిశా ఒకటి. పొద్దున తొమ్మిదికి ఆకాశంలో దూదిపింజల్లాంటి చిన్నచిన్న మబ్బులు విడివిడిగా ఉంటే దిగులు లేదు. పదకొండు గంటలకు వాటిలో ఒకటి వెడల్పుకంటే ఎత్తు ఎక్కువై, అంచులు పేలాల్లా ఉబ్బుతూ పైకి పెరుగుతుంటే ఆ రోజు మధ్యాహ్నం ఉరుము ఖాయమనుకోవాలి. ఆ మబ్బు తల చదునై పక్కలకు విస్తరించిందంటే ఇక దిగడం తప్ప వేరే ఆలోచన పెట్టుకోకూడదు. ఎండ కాస్తుండగానే ఒక్కసారిగా చల్లటి గాలి మొహాన కొట్టడం ఇంకొక గుర్తు. అది ఎక్కడో కురుస్తున్న వాన నుంచి బయటికి తన్నుకొచ్చిన గాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు, అంటే తర్వాతిది మీమీదే పడవచ్చు. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచే వరకు మళ్ళీ బయటికి రాకూడదు. దేవమాలి నెత్తి చాలావరకు చెట్టులేని గడ్డినేల, అక్కడ నిలబడిన మనిషే అన్నిటికంటే ఎత్తు. మహేంద్రగిరి మీద భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి అని పిలిచే పాత రాతికట్టడాలున్నాయి. వానొస్తే అందరూ ఆ గుమ్మాల్లోకి దూరతారు. తలుపులేని చిన్న రాతిగుడి తడవకుండా కాపాడుతుంది గాని పిడుగు నుంచి కాపాడదు. అద్దాలు మూసిన కారు కాపాడుతుంది. ఒంటరి చెట్టు కిందికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళకండి.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి మూడు. భారత వాతావరణ శాఖ జిల్లావారీగా ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇచ్చే హెచ్చరికల్లో గజపతి లేదా కోరాపుట్ నారింజలో ఉంటే యాత్ర వాయిదా వేసుకోండి. పసుపులో ఉంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా కిందికి చేరేటట్టు చూసుకోండి. రెండోది రాడార్ చిత్రం. గోపాల్‌పూర్‌లోనూ విశాఖపట్నంలోనూ డాప్లర్ రాడార్లున్నాయి, మహేంద్రగిరికి మొదటిదాన్ని, దేవమాలికి రెండోదాన్ని చూడండి. అయితే కొండలు అడ్డొచ్చే చోట రాడార్‌కు కిందిమట్టం వాన కనబడదు కాబట్టి చిత్రం ఖాళీగా ఉన్నంత మాత్రాన వాన లేదని అనుకోవద్దు. మూడోది పిడుగుల కోసం పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ తయారుచేసిన దామిని యాప్. కొండ మీద సిగ్నల్ ఉంటుందన్న భరోసా లేదు, అందువల్ల ఈ మూడూ కిందే చూసుకోవాలి.

సిగ్నల్ లేనిచోట పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మీ ఫోనులోనో చేతిగడియారంలోనో వాయుపీడనాన్ని బట్టి ఎత్తు చూపే సదుపాయం ఉంటే, రాత్రి బస చేసిన చోట పడుకోబోయే ముందు అది చూపిన ఎత్తును రాసుకోండి. మీరు కదలకపోయినా ఎత్తు పెరిగినట్టు చూపిస్తే పీడనం పడిపోతోందన్నమాట, ఆకాశం చెడబోతోందనడానికి అదొక గుర్తు. ముప్పై మీటర్లు పెరిగితే సుమారు మూడు హెక్టాపాస్కల్‌లు తగ్గినట్టు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. మన ప్రాంతంలో ఏ తుపానూ లేకున్నా పీడనం రోజుకు రెండుసార్లు ఆటుపోటులా ఊగుతుంది, ఉదయం పది, రాత్రి పది గంటల ప్రాంతంలో పెరుగుతుంది, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తగ్గుతుంది. అందుకని నిన్నటి రాత్రి పదిని ఇవాళ్టి రాత్రి పదితోనే పోల్చాలి. ఈ సంగతి తెలియక సాయంత్రం నాలుగింటి అంకె చూసి కంగారుపడి యాత్రలు మానుకున్నవారిని చూశాను.

ఇక మీరు అడిగిన అసలు విషయం, ఫోటో పక్కన ఏం రాయాలన్నది. నా నోటుబుక్కు నుంచి ఒక రోజు యథాతథంగా ఇస్తున్నాను: "జనవరి 14, ఉదయం 6.40, దేవమాలి పైన. 8 డిగ్రీలు. ఆకాశంలో ఎనిమిదింట ఒక వంతు మబ్బు, ఎత్తైన సన్నటి చారలు. గాలి ఈశాన్యం నుంచి, గడ్డి పూర్తిగా వంగుతోంది, చెవులు నొప్పెడుతున్నాయి. తూర్పు లోయ నిండా పొగమంచు, పడమటి లోయ ఖాళీ. 8.50కి మంచు విడిపోయి రోడ్డు కనబడింది. రెండు రోజులుగా వాన లేదు, దారి పొడి. దిగేటప్పుడు ఎర్రమట్టి మలుపు దగ్గర సన్నగులక, ఇద్దరు జారారు." ఎక్కడా అందంగా ఉందని రాయలేదు. అందం ఫోటోలో ఉంటుంది, ఫోటోకు అందనిది మాత్రమే రాతలో ఉండాలి.

ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించి ఎన్ని భాగాల్లో మబ్బుందో చెప్పడం వాతావరణ శాఖవారి పద్ధతి, పదేళ్ళ పిల్లలకు అయిదు నిమిషాల్లో వస్తుంది. ఆ పని మీ పిల్లలకే అప్పగించండి. గాలి వేగాన్ని కిలోమీటర్లలో ఊహించి రాయవద్దు, గాలికి ఏం కదులుతోందో రాయండి: పొగ నిటారుగా లేస్తోందా, ఆకులు మాత్రమే ఆడుతున్నాయా, చిన్న కొమ్మలు ఊగుతున్నాయా, ఎదురుగాలికి నడవడం కష్టంగా ఉందా. చూపు ఎంత దూరం ఆనుతోందో కూడా కిలోమీటర్లలో వద్దు. మహేంద్రగిరి పైనుంచి సముద్రపు గీత కనబడిందో లేదో రాస్తే చాలు, ఆ కొండ తెలిసిన ప్రతివారికీ గాలిలో తేమ ఎంతుందో అర్థమైపోతుంది. అన్నిటికంటే విలువైన ఫోటో చాలామంది తీయనిది, దాటవలసిన గెడ్డది. చేతికర్రను నీటిలో నిలువుగా గుచ్చి, ఎంతవరకు తడిసిందో కనబడేలా తీసి, గంట వేసి, ముందురోజు వాన పడిందో లేదో రాసి పంపండి. అలాగే ఒకేచోట నిలబడి ఉదయం ఆరుకు ఒకటి, పదకొండుకు ఒకటి తీసి పక్కపక్కన పెట్టండి. ఆకాశం రంగు పెంచే మార్పులు ఇలాంటి ఫోటోలకు అసలు చేయకండి, మబ్బు అంచు చెరిగిపోతే దాన్ని చూసి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఫోటోల విషయంలో ఇంకొక మాట. మహేంద్రగిరి చుట్టూ ఉన్నవి సవరల ఊళ్ళు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాసినది ఆ సవర భాషకే. వాళ్ళ ఇళ్ళలోపల గోడల మీద వేసే బొమ్మలు అలంకారానికి కాదు, పెద్దలకూ దేవతలకూ వేసేవి. అడగకుండా లోపలికి కెమెరా తిప్పవద్దు. అడిగితే చాలామంది కూర్చోబెట్టి మరీ చెబుతారు, వద్దంటే అక్కడితో ఆగాలి. మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, అందుచేత అరుదైన మొక్క కనబడితే అది ఉన్న చోటును ఫోటోతోపాటు పంచవద్దు, మొక్క ఫోటో చాలు.

జంతువుల్లో భయపడవలసింది ఎలుగుబంటికి. తెల్లవారుజామున, సాయంసంధ్యలో జీడితోటల అంచుల్లో తిరుగుతుంది, మాట్లాడుకుంటూ గుంపుగా నడిస్తే తనే తప్పుకుంటుంది. కానీ ఎలుగుకంటే నేనెక్కువ జాగ్రత్త పడేది జ్వరానికి. కోరాపుట్, గజపతి రెండూ చాలాకాలంగా మలేరియా ఉన్న జిల్లాలు, రాత్రి బసలో దోమతెర తప్పనిసరి. గడ్డిలో ఉండే, కంటికి ఆననంత చిన్న నల్లి పిల్లలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఇక్కడుంది. తిరిగొచ్చిన మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే మామూలు జ్వరమని మాత్ర వేసి ఊరుకోకండి, ఫలానా తేదీల్లో కొండగడ్డిలో నడిచామని డాక్టరుకు ముందే చెప్పండి. చంకల్లో, గజ్జల్లో, నడుము చుట్టూ సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూడండి. నడిచిన చోటూ, తేదీ రాసుకోవడం వల్ల ఆస్పత్రిలో కూడా ఇలా మేలు జరుగుతుంది.

మీ నాలుగు రోజులకు నా సలహా దేవమాలి. పర్లాకిమిడి నుంచి కోరాపుట్‌కు రోడ్డు మీద రోజంతా పోతుంది, రెండూ పెట్టుకుంటే నాన్నగారికి కొండలకంటే సీట్లే గుర్తుంటాయి. బరంపురంలో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయనగరం, రాయగడ మీదుగా కోరాపుట్‌లో దిగవచ్చు. కారు అయితే సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగూడ చేరాలి. ఆ ఘాట్‌ను పగటి వెలుతురులోనే దాటండి. మొదటి రోజు ప్రయాణం, విశ్రాంతి. రెండో రోజు తెల్లవారకముందే దేవమాలి. దాదాపు పైదాకా రోడ్డుంది కనుక నాన్నగారు బండిలో రావచ్చు, మీరూ పిల్లలూ చివరి వాలు మాత్రం నడవండి. మూడో రోజును కావాలనే ఖాళీగా ఉంచండి. రెండో రోజు మబ్బు పట్టి ఏమీ కనబడకపోతే మూడో రోజు మళ్ళీ వెళ్ళవచ్చు, కనబడితే కొలాబ్ జలాశయం వైపు నిదానంగా తిరిగి రావచ్చు. ఒక రోజు మిగుల్చుకోని కొండయాత్రలో మనిషి ఆకాశం బాగాలేకున్నా ఎక్కేస్తాడు, ఇన్నేళ్ళలో నేను చూసిన ప్రమాదాల్లో సగానికి పైగా చివరి రోజు తొందరలో జరిగినవే.

తిండికి అటుకులు, బెల్లం, వేపిన వేరుశనగ చాలు. దారిలో సంతల్లో చోడి (రాగి) అంబలి దొరుకుతుంది, దాన్ని అక్కడ మాండియా పేరుతో అడగాలి. నడిచే ఒంటికి దానంత స్థిరమైన ఆహారం నేను చూడలేదు. పిల్లల బూట్ల గురించి చివర్లో అడిగారు. కొత్తవి కొనవద్దు, అడుగున గాడులు అరగని పాత బడి బూట్లే మేలు, మేజోళ్ళు మాత్రం రెండు జతలు పెట్టండి. మహేంద్రగిరిని వచ్చే ఏడు జనవరికి ఉంచుకోండి. శివరాత్రికి పైన పెద్ద జాతర జరుగుతుంది, ఆ జనంలో పిల్లలతో వద్దు. వచ్చేముందు రెండు రోజులు ఉదయం శిఖరానికి మబ్బు ఎన్నింటికి పడుతోందో అడగండి. మా మేడ మీదికెక్కి కొండవైపు చూసి చెబుతాను.